పాతకెమేరాయు ఫిల్ముచుట్టయు

మన యిండ్లలో గోడలకు వ్రేలాడు పాత ఛాయాచిత్రములను చూచినప్పుడు, ఇది ఎవరిది, ఏ యూరిలో తీయించినది, అప్పటికి తాతగారి వయస్సెంత అని యడుగుదుము. ఆ రూపము మొదట దేనిమీద పట్టుబడినది, గాజుపలకమీదనా ఫిల్ముమీదనా అని యడుగువారు లేరు. పనిలేని ప్రశ్నయని తోచవచ్చును. మేమును చాలకాల మట్లే తలచితిమి. కాని యీ ప్రశ్నకు వచ్చు ప్రత్యుత్తరముమీదనే, ఆ చిత్రములో నెవరున్నారు, ఎవరు లేరు అనునది చాలవరకు ఆధారపడియున్నదని యిటీవల మాకు తెలిసివచ్చినది. మా యింటి చిత్రములో తాతగారు కుర్చీలో కూర్చుండియున్నారు. ఆయన తమ్ములు ప్రక్కల నిలువబడియున్నారు. నాయనమ్మ లేదు. ఆమె లేకుండుటకు గల కారణములలో ఆనాటి యాచార మొకటి, వంటయి ల్లొకటి, గాజుపలక వెల యొకటి.

గాజు పోయి ఫిల్ము వచ్చిన కథను లోకము సామాన్యముగా నొక్కమాటలో ముగించును. కొడాకు పెట్టె వచ్చినది, ఆనాటితో పాతకెమేరాలు అటుకెక్కినవి అని. మేము చదివినంతలోను, కన్నులార చూచినంతలోను, అది అంత సరియైన కథ కాదు. ఫిల్ముచుట్ట పాతకెమేరాను తరుముకొని రాలేదు. అద్దెకు దిగినవానివలె మొదట దాని వెనుకభాగమున నొక చిన్నపెట్టెలో కాపురము పెట్టినది. తరువాతనే సొంతయిల్లు కట్టుకొన్నది. ఆ చిన్నపెట్టెకే వృత్తివారు రోలుఫిల్ము బ్యాకు అని పేరు పెట్టిరి. దానిని గూర్చియే యీ వ్యాసము.

హైదరాబాదు నగరమున యూసుఫ్‌గూడ యను పేట కలదు. దానికి పైవైపున జూబిలీహిల్సును ఫిలింనగరును ఉన్నవి. సినిమావారి మేడలు ఆ కొండలమీదను, సినిమాకు చెమటోడ్చువారి గదులు దిగువను కృష్ణానగరు సందులయందును గలవు. తెల్లవారకముందే ఆ సందుల మొగలయందు పనికై వేచియుండు చిన్నవేషముల వారిని, దీపములు మోయువారిని, మేకపు చేయువారిని చూడవచ్చును. ఇచ్చటికి కొలదిదూరముననే అమీరుపేటయందు సారథీ స్టూడియో యున్నది. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా హైదరాబాదులో తయారైన తొలి తెలుగుచిత్రమని చెప్పుదురు; అది తీయబడినది ఆ స్టూడియోలోనే. అన్నపూర్ణా స్టూడియో 1976లో వెలసిన తరువాత, చెన్నపట్టణమునుండి తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమక్రమముగా ఈ కొండలకు తరలివచ్చెను. పరిశ్రమతోపాటు పనివారును వచ్చిరి.

అట్లు వచ్చినవారిలో నొకరు, సెట్లమీద స్థిరచిత్రములు, వారి భాషలో ‘స్టిల్సు’, తీసి జీవితము గడపిన పెద్దమనిషి, మా పాఠశాలలో చదువుకొను నొక బాలునకు తాతగారు. తెనాలివైపువారు. పేరు ప్రకటింపవలదనిరి. ఒక ఆదివారమున మమ్ము తమ గదికి పిలిచి, మంచముక్రింది ట్రంకుపెట్టె లాగి, అందుండి మడతపెట్టు కెమేరా నొకదానిని తీసిరి. రెండు మహాయుద్ధముల నడుమ జర్మనీలో తయారైనది. తోలుతిత్తి, ఇత్తడిపట్టాలు, చక్కని కటకము. గాజుపలకల కొఱకు చేయబడినది. ఆ కొలత గాజుపలకలు అంగళ్లలో దొరకుట మానియు దశాబ్దములైనది. అయినను దాని వెనుక నొక నల్లని లోహపుపెట్టె తగిలింపబడియుండెను. “మాస్టారూ, ఈ కెమేరా నాకన్నా వయసులో పెద్దది. కన్ను ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వీపు ఒక్కటే మార్చాను” అనిరి.

ఆ మాట మమ్ము చాలదినములు వదలలేదు. వీపు మార్చుట యనగా నేమో తెలియుటకు, మొదట గాజుపలకల కాలమునకు పోవలెను.

మన ప్రాంతమున ఆ కాలమునకు మకుటాయమానుడు లాలా దీనదయాళు. 1844లో మీరటు సమీపమందలి సర్ధానలో జనించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో మరమ్మతుశాఖ యుద్యోగమున నుండగా ఛాయాగ్రహణము నేర్చినవాడు. ఆఱవ నిజాము మహబూబు అలీఖానుగారి యాస్థాన ఛాయాగ్రాహకుడై, 1886 ప్రాంతమున సికిందరాబాదులో చిత్రశాల నెలకొల్పి, రాజా ముసవ్వర్‌జంగు అను బిరుదు పొంది, 1905లో మరణించెను. ఆయన వాడిన గాజుపలకలలో పదియంగుళముల వెడల్పు, పండ్రెండంగుళముల పొడవు గలవి యుండెను. లెక్క వేసి చూడుడు. రెండు మిల్లీమీటరుల మందమున్నను అట్టి పలక యొకటి మూడువందల ఎనుబది గ్రాములకు తక్కువ తూగదు. డజను పలకలు నాలుగున్నర కిలోలు. వానిని పెట్టు కొయ్యచట్రములు వేఱు, కెమేరా వేఱు, ముక్కాలిపీట వేఱు. వేటకు వెళ్లిన ప్రభువుల వెంట ఈ సామగ్రి నంతయు బండ్లమీదను మనుష్యుల తలలమీదను మోయించుకొని పోవలసివచ్చెను. ఒక్క కుదుపునకు ఒక దృశ్యము ముక్కలగును.

ఇట్టి స్థితిలో ప్రతిపలకయు నొక తీర్పు. ఎవరి మొగమునకై దీనిని వ్యయపఱుపవచ్చును? రాజునకు, రెసిడెంటునకు, జాగీరుదారునకు, ఏనుగునకు సైతము పలక దొరకెను. గృహిణికి దొరకుట దుర్లభము. దీనదయాళుగా రీ కొఱత నెఱిగినవారే. 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీల కొఱకు ప్రత్యేకముగా నొక జనానా చిత్రశాల తెఱచి, దాని నిర్వహణమును కెన్నీ లెవిక్ అను నాంగ్లేయవనిత కప్పగించిరి. పురుషుని నీడ పడకుండ స్త్రీలు స్త్రీలచేతనే చిత్రములు తీయించుకొనుట కది యేర్పాటు. ఆ కాలమున కది గొప్ప సాహసమే. మేము తక్కువ చేసి చెప్పము. కాని అచ్చటికి వచ్చుటకు పల్లకియో బగ్గీయో కావలెను, వెల యిచ్చుకొను స్తోమతు కావలెను. స్త్రీని కెమేరాకడకు తెచ్చుటకు గోడలు కట్టవలసివచ్చెను. కెమేరాయే స్త్రీకడకు పోవుటకు, ఆమె చేతిలోనే యుండుటకు, గాజు పోవలసియుండెను.

గాజును వదలించుకొనవలెనన్న తలంపు దీనదయాళుగారి కాలమునకు చాల పూర్వమే పుట్టినది. 1854లోనే ఇంగ్లండున మెల్‌హుయిష్, స్పెన్సరు అనువా రిరువురు, మందుపూసిన కాగితమును రెండు కండెలకు చుట్టి కెమేరావెనుక తగిలించు పెట్టెకు హక్కుపత్రము పొందిరి. 1875లో వార్నర్కె యను నాతడు ఇంచుమించు నూఱు చిత్రములకు సరిపడు చుట్టగల పెట్టెను చేసెను. ఇవి రెండును నిలువలేదు. పెట్టెలో తప్పులేదు. అందు చుట్టదగిన పదార్థమే అప్పటికింక పుట్టలేదు.

1885లో జార్జి ఈస్టుమను, విలియం వాకరులు చేసిన రోలుహోల్డరు నిలిచినది. ఈ విషయమున మాకు మిక్కిలి వింతగా తోచినదేమనగా, ఈస్టుమను స్వయముగా గాజుపలకల వర్తకుడు. రాచెస్టరు పట్టణమున వానిని తయారుచేసి యమ్మి బ్రదుకుచుండిన మనుష్యుడు తన సరకునకు తానే మృత్యువును సిద్ధపఱచెను. ఆ పెట్టె ఇరువదినాలుగు చిత్రములకు సరిపడు మందుపూసిన కాగితమును పట్టును. అది యేదో క్రొత్తకెమేరాకు కాక, అప్పటికే జనులకడ నున్న పలకకెమేరాలకే పలకచట్రమునకు బదులుగా తగిలింపబడును. “మీ కెమేరాను పాఱవేయుడు” అని ఈస్టుమను చెప్పలేదు. చెప్పినయెడల ఎవరును వినియుండరు. కాగితమునకు తన పోగుల గరుకుతన మొకటి కలదు గదా. నూనె పూసి దానిని పారదర్శకముగా చేసినను, అచ్చులో ఆ పోగులు కనబడుచుండెను. దానికొఱకు కాగితమునుండి పొరను ఊడదీయు పద్ధతి నొకదానిని కనిపెట్టిరి. అది సామాన్యునిచేత కాని పని.

1888లో వచ్చిన మొదటి కొడాకు కెమేరాను ఈ దృష్టితో చూచినచో, దానియందలి నూతనత్వము కొంత తగ్గును. రోలుహోల్డరుచుట్టు నొక పెట్టెయు, ముందొక కటకమును చేర్చినచో కొడాకగును. అద్దెకాపుర ముండినవాడు సొంతయిల్లు కట్టుకొన్నాడని మేము పైన వ్రాసినది దీనిని గూర్చియే. నూఱు చిత్రములు నింపి యిరువదియైదు డాలరుల కమ్మిరి. తీయుట ముగిసినపిమ్మట పెట్టెను పెట్టెగానే కార్ఖానాకు పంపవలెను. వారు కడిగి, అచ్చువేసి, క్రొత్తచుట్ట నింపి తిరిగి పంపుదురు.

పారదర్శకమైన సెల్యులాయిడు ఫిల్ము 1889లో బజారునకు వచ్చెను. దాని వెనుక నొక మతగురువు కథ కలదు. నెవార్కు పట్టణమున హానిబల్ గుడ్విను అను పాదిరి, తన యాదివారపు పాఠశాలలో పిల్లలకు బైబిలుచిత్రములను దీపముతో గోడమీద చూపుచుండెను. గాజుపలకల బాధ పడలేక, 1887లో సెల్యులాయిడు ఫిల్మునకు హక్కుపత్రము కోరెను. పదునొకండేండ్లు త్రిప్పి, 1898లో గాని యది దొరకలేదు. 1900లో ఆయన మరణించెను. ఆయన హక్కు ననుభవించు సంస్థకును ఈస్టుమను సంస్థకును నడచిన వ్యాజ్యము 1914లో ముగియునప్పటికి, ఈస్టుమను పక్షము ఏబదిలక్షల డాలరులు చెల్లింపవలసివచ్చెను. పిల్లలకు పాఠము సులభముగా చెప్పవలెనని పాటుపడిన యొక యుపాధ్యాయునిచేత లోకమున కింతమేలు జరిగెనని వ్రాయుటలో, మే మును ఆ వృత్తివారమే కనుక, కొంచెము పక్షపాతము మాకున్నదని చదువరులు క్షమింతురు గాక.

సినిమాయు ఈ ఫిల్ముచుట్ట బిడ్డయే. గాజుపలకను క్షణమునకు పదునాఱుసార్లు మార్చుట బ్రహ్మతరము కాదు. ఎడిసనుగారి సహాయకుడు డిక్సను, ఈస్టుమను ఫిల్మును నిలువుగా చీల్చి ముప్పదియైదు మిల్లీమీటరుల పట్టీగా చేసిననాడే, యూసుఫ్‌గూడ సందులలో నేడు వెలుగు దీపములకు వత్తి చేయబడినదని చెప్పవచ్చును.

ఇక చుట్టను చీకటిగదిలో గాని మార్చరాదన్న యిబ్బంది మిగిలెను. 1892లో బోస్టనునందు టర్నరు అను నాతడు ఫిల్మునకు వెనుక నల్లకాగితమును జతచేసి, ఆ కాగితముపై అంకెలచ్చొత్తించి, కెమేరావెనుక నెఱ్ఱగాజు కిటికీ నొకదానిని పెట్టెను. పగటివెలుగులోనే చుట్టను మార్చవచ్చును. ఎన్నవ చిత్రమో కిటికీలో చూచి త్రిప్పుకొనవచ్చును. 1895లో ఈస్టుమను ఆ సంస్థను కొనివేసెను. 1901లో రెండవనంబరు బ్రౌనీకై వచ్చిన చుట్టయే నేటికిని ‘120’ అనబడుచున్నది. ఆ సంఖ్య కొలతయు కాదు, చిత్రముల లెక్కయు కాదు. కొడాకువారు తమ చుట్టలకు వరుసగా నిచ్చిన జాబితా అంకె మాత్రమే. దాని వెడల్పు సుమారు అఱువదియొక్క మిల్లీమీటరులు. అదే చుట్టపై తొమ్మిది సెంటీమీటరుల నిడుపున ఎనిమిది చిత్రములు, ఆఱింటికాఱు చదరముగా పండ్రెండు, సన్నగా నైనచో పదునాఱు తీయవచ్చును. అందుకే కాగితముపై మూడువరుసల అంకెలుండును. నూటయిరువదేండ్లు గడచినను మాఱని వాడుకవస్తువు లెన్ని యున్నవో చదువరులే యోచింతురు గాక.

బ్రౌనీ వెల మొదట నొక డాలరు. మన దేశమునకు వచ్చునప్పటి కది పేదవాని వస్తువు కాదు. అయినను మధ్యతరగతి గుమస్తా యింటి గడప దాటి లోపలికి వచ్చినది. స్వాతంత్ర్యానంతరము ఆగ్ఫా క్లిక్ అను పెట్టెకెమేరా దేశమంతట వ్యాపించెను. 120 చుట్టలో పండ్రెండు చదరపు చిత్రములు. తిప్పుటకు మీటలు రెండుమూడు. ఇంటి యిల్లాలు, ఆడబిడ్డ, పదియేండ్ల పిల్ల దానిని పట్టుకొనవచ్చును. పండ్రెండింటిలో నొకటి పాడైనచో కొంప మునుగదు. అప్పటినుండియే మన కుటుంబచిత్రములలో వంటయింటి గుమ్మము, బావిగట్టు, తలదువ్వుకొను చెల్లెలు, పీటమీద కూర్చున్న నాయనమ్మ కానవచ్చుచున్నారు. స్త్రీలు చిత్రములో కనబడుటయే కాదు, చిత్రము తీయుటయు నారంభించిరి. హోమై వ్యారావాలా 1913లో నవసారిలో పుట్టి, రోలీఫ్లెక్సు మెడను వ్రేలాడవేసికొని, స్వాతంత్ర్యోదయ దృశ్యములను పట్టిన వనిత. ఆ రోలీఫ్లెక్సు మేసినది ఈ 120 చుట్టనే.

ఇంతవఱకు చుట్ట కథ. పెద్దమనిషిగారి ట్రంకుపెట్టెలోని కెమేరాకు తిరిగివత్తము.

ఇట్లు సొంతయిల్లు కట్టుకొన్న పిమ్మటను చుట్ట తన మొదటి యద్దెయిల్లు మఱవలేదు. చక్కని కటకములు గల పలకకెమేరాలు వేలకొలదిగా జనులకడ నుండెను. వానికై జర్మనీలోను, అమెరికాలోను రోలుఫిల్ము బ్యాకులు చేయుచునే యుండిరి. పనిచేయు రీతి యిది. పాతకెమేరాలో దృశ్యము వెనుకనున్న గరుకుగాజుపై తలక్రిందుగా పడును. ముసుగు కప్పుకొని దానిని చూచి, తిత్తిని ముందునకో వెనుకకో జరిపి, రూపము తేటపడినంతట నిలిపి, గాజు చట్రమును తీసివేసి, ఆ గాడిలోనే బ్యాకును తోసి, దానిముందున్న రేకును, అనగా డార్కుస్లయిడును, పైకి లాగి చిత్రము తీయవలెను. మరల రేకు మూయవలెను. తరువాత చుట్ట త్రిప్పవలెను. ఈ వరుసలో నొక్కటి మఱచినను పని చెడును. రేకు తీయుట మఱచినచో చిత్రము లేదు. మూయుట మఱచి బ్యాకు లాగినచో చుట్టకు వెలుగు తగులును.

ఇందులో ప్రాణమంతయు నొక్కచోట నున్నది. గరుకుగాజు గరుకువైపు ఏ తలమున నుండెనో, బ్యాకులోని ఫిల్ము సరిగా ఆ తలముననే యుండవలెను. వెంట్రుకవాసి ముందునకు జరిగినను, మనము అమ్మ కన్నులపై సరిచేసిన తేటదనము ఆమె వెనుక గోడకు పోవును. కొన్ని బ్యాకులు పలకచట్రము తలమునకే సరిపోవునట్లు చేయబడినవి. మఱికొన్నింటికి మధ్య నొక రేకుపీట కావలెను, అప్పుడు గరుకుగాజును గూడ అంతే వెనుకకు జరుపవలెను. ఏది యెట్టిదో చూడక కొన్నవాడు కటకమును నిందించును.

ఈ తలనొప్పిని పుట్టుకతోనే తొలగించిన కెమేరా స్వీడను దేశమున వచ్చినది. విక్టరు హాసెల్‌బ్లాడు యుద్ధకాలమున వైమానికదళమునకు కెమేరాలు చేసిన యనుభవముతో, 1948లో మార్చదగిన బ్యాకుతోనే పుట్టిన కెమేరాను వెలువరించెను. రేకు తీయనిదే షట్టరు కదలదు. రేకు పెట్టనిదే బ్యాకు ఊడదు. మఱపు మనుష్యధర్మమని యెఱిగి చేసిన యంత్రమది. 1969లో చంద్రునిపై దిగినవారు తమ హాసెల్‌బ్లాడులను అచ్చటనే విడిచి, ఫిల్మున్న బ్యాకులను మాత్రము భూమికి తెచ్చిరి. బరువు తగ్గింపవలసివచ్చినప్పుడు ఏది సారము, ఏది సాధనము అన్నది వారికి స్పష్టముగా తెలిసెను. 1970లో జపానునుండి వచ్చిన మామియా ఆర్‌బీ67 అను కెమేరాలో బ్యాకు నిలువుగాను అడ్డముగాను తిరుగును.

సెట్లమీద బ్యాకు వలన కలిగిన సౌకర్యమును పెద్దమనిషిగారు మాకు వివరించిరి. ఒకే దృశ్యమునకు రెండువిధముల చిత్రములు కావలెను. వేషము, బొట్టు, పూలదండ రేపటి చిత్రీకరణమునకు సరిపోవునా యని చూచుకొనుటకు నలుపుతెలుపు. వారపత్రిక ముఖచిత్రమునకు రంగుల ఫిల్ము. బ్యాకు లేనిచో రెండు కెమేరాలు మోయవలెను, లేక చుట్ట ముగియువఱకు ఆగవలెను. “దీపాలు ఆర్పేలోపు రెండు నిమిషాలే ఇచ్చేవారు మాస్టారూ. హీరోగారు కదిలిపోతారు. నలుపుతెలుపు ఊడదీసి రంగుది తగిలించి ‘ఒక్కసారి ఇటు చూడండి బాబూ’ అనేవాణ్ణి” అనిరి. ఆ రెండునిమిషముల ఫలములే మనము పత్రికలనుండి కత్తిరించి పుస్తకములలో దాచుకొన్న బొమ్మలు. తీసినవాని పేరు వాని క్రింద నెన్నడు చూడలేదు.

ఇంత విన్నపిమ్మట మేము ఊరకుందుమా? ఆయన కెమేరావంటిదే మా మామగారి యింట నుండెను. నగరమందలి యొక పాతసామానుల అంగడిలో దానికి తగిన బ్యాకు కొంటిమి. “పరీక్షించినది” అని యమ్మినవాడు ప్రమాణము చేసెను. 120 చుట్ట నింపి ఎనిమిది చిత్రములు తీసితిమి. కడిగి చూడగా మూడవదియు నాలుగవదియు నొకదానిపై నొకటి యెక్కియుండెను. అమ్మ మొగముమీదుగా పొరుగింటి తులసికోట మొలచియుండెను. అన్నింటిమధ్యను గుండ్రని మచ్చ యొకటి.

మచ్చకు కారణము ఎఱ్ఱకిటికీ. పూర్వపు ఫిల్ములకు ఎఱుపు కనబడదు, కనుక ఎఱ్ఱగాజు వానికి గోడవంటిది. నేటి నలుపుతెలుపు ఫిల్ములకు అన్ని రంగులును కనబడును. ఎఱ్ఱకిటికీ వానికి తెఱచిన కిటికీయే. దానిపై నల్లపట్టీ యంటించి, చుట్ట త్రిప్పునప్పుడు మాత్రము నీడలో నెత్తి చూడవలెను. చిత్రము లొకదానిపై నొకటి యెక్కుట మఱియొక రోగము. చుట్టుకొను కండె ఫిల్ము చేరినకొలది లావగుచుండును. లావైనకొలది ఒక చుట్టునకు ఎక్కువ ఫిల్మును లాగును. కావున అంకెలు చూడక తనంతట లెక్కపెట్టుకొను బ్యాకులో, కండె ప్రతిచిత్రమునకును మునుపటికంటె కొంచెము తక్కువగా తిరుగునట్లు పండ్లచక్రము లమర్చియుందురు. ఏండ్లతరబడి చమురు గట్టిపడి, పండ్లరిగినచో ఆ లెక్క తప్పును. మా బ్యాకు లెక్కపెట్టు యంత్రము అట్టిదే. ఇదికాక, పలువిధముల బ్యాకులలో ఫిల్ము కండెనుండి వెనుకకు వంగి పోవును. ముందుగా త్రిప్పి గంటలకొలది యుంచినచో ఆ వంపు ఫిల్ములో నిలిచి, తరువాతి చిత్రమున నొకవైపు మసకబాఱును. తీయుటకు ముందే త్రిప్పవలెను గాని, తీసినవెంటనే త్రిప్పరాదని పెద్దమనిషిగారు బోధించిరి.

యూసుఫ్‌గూడలో చిన్నపరిశ్రమల శిక్షణసంస్థ 1962నుండి యున్నది. ఆ ప్రాంతమున నొక సందులో లేతుపని చేయు కుఱ్ఱవాడు మా బ్యాకును విప్పి, గట్టిపడిన చమురును కిరసనాయిలుతో కడిగి, అరిగిన యిరుసునకు బదులు క్రొత్తది కడిసి, రేకు దూరు సందులో పొడియైపోయిన నురగపట్టీకి బదులు నల్లని మొఖమలు పట్టీ యతికెను. ఇట్టి పెట్టెను వాడు జన్మమున చూచియుండలేదు. ఇది యేమిటికని యొకసారియు నడుగక, ఎక్కడ నరిగినదో వ్రేలితో తడవి తెలిసికొనెను.

చుట్ట దొరకునా యని చదువరులు సందేహింపవచ్చును. మన దేశముననే ఫిల్ము తయారుచేయవలెనని 1960లో ఉదకమండలమున హిందుస్తాన్ ఫొటో ఫిల్ముల సంస్థను స్థాపించిరి. 1967లో ఉత్పత్తి మొదలయ్యెను. ‘ఇందు’ అను పేర దాని సరకు ఆసుపత్రులకును చిత్రశాలలకును చేరెను. ఆ కార్ఖానా నేడు లేదు. నేడు మనకు వచ్చు 120 చుట్టలన్నియు విదేశములవే, వెల యెక్కువ. కాగితములేక రెట్టింపు పొడవుతో 1965లో వచ్చిన 220 చుట్ట మిక్కిలి దుర్లభము. బ్రదికియున్నది 120 యొక్కటే. ఇక విద్యుత్‌కెమేరాల కాలమునను పాత హాసెల్‌బ్లాడు వెనుక తగిలించుటకు ఫిల్మునకు బదులు విద్యుత్‌పలక గల బ్యాకులు వచ్చినవి. 1957నాటి కెమేరాకును అవి యతుకును. ఈస్టుమను 1885లో చేసినపనియే మరల జరుగుచున్నది.

మాకు దిగులు కలిగించునది కెమేరాలు కావు, నెగెటివులు. పెద్దమనిషిగారి గదిలో అటుకుమీద తగరపుపెట్టెలు నాలుగున్నవి. పలుచని కాగితపు కవరులలో, చిత్రము పేరు పెన్సిలుతో వ్రాసి, వేలకొలది 120 నెగెటివులు దాచియుంచిరి. గృహస్వామి ఖాళీ చేయుమనుచున్నాడట. వెండి తీసికొనుటకు తూకమున కొందుమని యొకడు రెండుసార్లు వచ్చెనట. తెలుగువారి చలనచిత్రములకు ఆద్యుడైన రఘుపతి వెంకయ్యగారు వృత్తిచేత ఛాయాగ్రాహకుడే. ఆయనయు కుమారుడు ప్రకాశును కలిసి 1921లో తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’ రీలు ఒక్కటియు నేడు మిగులలేదు. కదలుబొమ్మ నశించినచోట కదలనిబొమ్మయే సాక్షి. పుణేలో 1964లో నెలకొన్న జాతీయ చలనచిత్రభాండాగారము రీలులతోపాటు స్థిరచిత్రములను గూడ సేకరించుచున్నది. అచ్చటికి వ్రాయుదమని మేమనగా ఆయన వెంటనే యొప్పుకొనలేదు. కవరులమీద నున్న పేర్లలో కొన్ని తనకు తప్ప మఱొకరికి తెలియవనియు, చిన్నవేషములవారి మొగములకు పేర్లు వ్రాసినగాని ఇయ్యననియు చెప్పిరి. దీనదయాళుగారి గాజుపలకలు రెండువేల యెనిమిదివందలకు పైగా 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. వానియందు రాజుల పేర్లున్నవి, వెనుక నిలువబడినవారి పేర్లు చాలవఱకు లేవు. ఈయన పట్టుదల మాకు న్యాయముగనే తోచినది. ప్రతి యాదివారమును మేమును మా శిష్యుడును పోయి, ఆయన చెప్పగా వ్రాయుచున్నాము. ఇప్పటికొక పెట్టె ముగిసినది.

చదువరుల యిండ్లలో నట్టి కవరులున్నయెడల, వానిని అటుకుమీది వేడికిని వంటయింటి ఆవిరికిని దూరముగా పొడిచోట నిలువుగా పెట్టి, ఎవరెవరో తెలిసిన పెద్దలుండగనే పెన్సిలుతో కవరుపై వ్రాయించుడు. కలముసిరా లోపలికి దిగును.

బాగుచేసిన బ్యాకుతో రెండవచుట్ట తీసితిమి. ఎనిమిదింటిలో ఏడు చక్కగా వచ్చినవి. చివరిదాని యంచును మాత్రము, చుట్ట వదులుగా తీయుటచే, వెలుగు కొఱికినది. అమ్మ చిత్రము నాలుగవది. పీటమీద కూర్చుండబెట్టి, ముసుగులో దూరి, ఆమె కన్నులు గరుకుగాజుపై తలక్రిందుగా తేటపడువఱకు తిత్తి జరిపితిమి. “ఎంతసేపురా?” అని యామె రెండుసార్లు అడిగినది. కడిగి యారవేసిన పట్టీని మఱునాడుదయమున ఆమెకే యిచ్చితిమి. కిటికీకెదురుగా పట్టి, కన్నులు చికిలించి చాలసేపు చూచినది. నెగెటివులో తెలుపు నలుపగును గదా. డెబ్బదియారేండ్ల అమ్మ తల నిగనిగలాడు నల్లనిజుట్టుతో నుండెను.

“ఇలాగే ఉంచరా, అచ్చు వేయించకు” అన్నది.